హల్లానియా దీవిలో ఓడ పగిలినవారు
(హిందూ మహాసముద్ర చరిత్రలో ఒక పాత కథ, దాని పక్కన మన కథ)

మన పెద్దలు సముద్రాన్ని తలచుకొన్నప్పుడు ఓడ, తుఫాను, దిక్కు తెలియని నీళ్ళు అనే మాటలే ఎక్కువగా చెప్పేవారు. కోరంగి రేవులోనో, చెన్నపట్నంలోనో ఓడ ఎక్కి, వారాల తరబడి నీటి మీద గడిపి, ఈ మారిషస్ దీవిలో కాలు మోపినవారు వాళ్ళు. 1843లో "కోరంగి ప్యాకెట్" అనే ఓడ మన తెలుగువారిని ఇక్కడికి చేర్చింది. ఆ రేవు పేరుమీదనే ఈ దేశంలో మనవాళ్ళను చాలాకాలం కోరంగీలు అన్నారు. కనుక ఓడ పగిలి దీవిలో చిక్కుకొన్నవారి కథ ఎక్కడ విన్నా, అది పరాయివాళ్ళ కథగా మనకు తోచదు.

అటువంటి కథ ఒకటి అరేబియా తీరాన ఒమాన్ దేశంలో జరిగింది. అది 500 ఏళ్ళ కిందటి సంగతి. దానికి సంబంధించిన వస్తువులు మాత్రం మన కాలంలోనే సముద్రగర్భం నుండి బయటికి వచ్చాయి. మన పిల్లలు బడిలో వాస్కో డ గామా పేరు చదువుకొంటారు. ఆయన మేనమామలు ఇద్దరు ఏ దీవిలో, ఎవరి మాట వినక చనిపోయారో ఆ పుస్తకాలలో సాధారణంగా కనబడదు. ఆ సంగతి తెలుసుకోవడం అవసరమని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

కురియా మురియా దీవులు

ఒమాన్ దేశానికి దక్షిణ భాగం ధోఫార్ ప్రాంతం. సాంబ్రాణికి పూర్వం నుంచీ పేరుపడిన చోటు. ఆ తీరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో అయిదు చిన్న దీవులు వరుసగా ఉన్నాయి. పాత పటాలలో వీటిని కురియా మురియా దీవులు అన్నారు. ఇప్పుడు హల్లానియాత్ దీవులు అంటున్నారు. అన్నిటిలోకీ పెద్దది అల్ హల్లానియా. దాని వైశాల్యం 56 చదరపు కిలోమీటర్లు. అయిదింటిలో ఎప్పుడైనా స్థిరంగా మనుషులు నివసించినది అదొక్కటే. మిగిలినవి ఎండిన రాళ్ళు, సముద్రపు పక్షులు, వాటి రెట్టలు. వాన అరుదు. నీడనిచ్చే చెట్టు కనబడడం కష్టం.

ఈ దీవుల ప్రస్తావన చాలా పాతది. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు వ్రాసిన "ఎరిత్రియా సముద్ర పెరిప్లస్" అనే నౌకాయాన గ్రంథంలో ఇవి జెనోబియా దీవులనే పేరుతో వస్తాయి. అదే గ్రంథంలో మన తెలుగు తీరం కూడ ఉన్నది. సన్నని నూలు బట్టలకు పేరైన "మసలియా" అని ఆ వర్తకుడు వ్రాసినది మన మచిలీపట్నం ప్రాంతాన్ని గూర్చే అని చరిత్రకారుల అభిప్రాయం. అంటే 2000 ఏళ్ళ నాడే ఆ రాళ్ళ దీవులూ మన బట్టల రేవూ ఒకే పుస్తకంలో చోటు చేసుకొన్నాయన్న మాట. ఋతుపవనాల గాలిని పట్టుకొని వెళ్ళే ఓడలే ఆ రెంటినీ కలిపాయి.

గామా మేనమామలు

వాస్కో డ గామా రెండవసారి మన దేశానికి 1502లో బయలుదేరాడు. ఈసారి వచ్చింది పెద్ద దళంతో, ఫిరంగులతో. ఆ దళంలో ఆయన తల్లి తోబుట్టువులైన విసెంతె సోద్రె, బ్రాస్ సోద్రె అనే అన్నదమ్ములు కూడ ఉన్నారు. గామా 1503 మొదట్లో పోర్చుగల్‌కు తిరిగి వెడుతూ, అయిదు ఓడల చిన్న దళాన్ని విసెంతె సోద్రె చేతిలో పెట్టి మలబారు తీరాన విడిచాడు. కొచ్చిన్, కన్ననూరులలోని పోర్చుగీసు కొట్లను, వాళ్ళను నమ్ముకొన్న కొచ్చిన్ రాజును కాపాడడం ఆ దళం పని.

సోద్రె సోదరులు ఆ పనిలో నిలవలేదు. ఎర్ర సముద్రపు ముఖద్వారం వైపు వెళ్ళి, అరబ్బు వర్తకుల ఓడలను పట్టి, మిరియాలు, బట్టలు, బియ్యం, పంచదార, లవంగాలు దోచుకొన్నారు. వాళ్ళు అటు వెళ్ళిన అదనులో కాలికట్ జామొరిన్ కొచ్చిన్ మీద దండెత్తాడు. నమ్మిన రాజు కోట విడిచి వైపీన్ దీవిలో తలదాచుకోవలసి వచ్చింది. కాపలాకు ఉంచినవాడే ఇల్లు వదలి సంతకు పోయినట్లయింది.

ఉత్తరపు గాలి

1503 ఏప్రిల్‌లో ఈ అయిదు ఓడలు కురియా మురియా దీవులకు చేరాయి. ఒక ఓడ అడుగు చెడిపోయి బాగుచేయవలసి ఉండెను. హల్లానియా దీవికి ఈశాన్యాన ఒక చక్కని అఖాతం ఉన్నది. నైఋతి గాలి వీచే కాలంలో అది ఓడలకు మంచి చాటు. పోర్చుగీసువారు అక్కడే లంగరు వేశారు.

దీవిలో ఉన్నది కొద్దిమంది అరబ్బులు. చేపలు పట్టుకొని, మేకలు మేపుకొని బ్రతికేవారు. మొదట వారు భయపడినా, తరువాత వచ్చినవారితో సఖ్యంగానే ఉన్నారు. ఆహార పదార్థాలు ఇచ్చి పుచ్చుకొన్నారు. అలా కొన్ని వారాలు గడిచాయి.

మే నెల వచ్చేసరికి దీవివారు పోర్చుగీసులకు ఒక హెచ్చరిక చేశారు. ఉత్తరం నుండి పెద్ద గాలి రాబోతున్నది, ఈ అఖాతంలో మీ ఓడలు నిలవవు, దీవికి అవతలి వైపు పోయి లంగరు వేసుకొండి అని చెప్పారు. చిన్న ఓడలవారు ఆ మాట విని అవతలి వైపుకు తరలిపోయారు. సోద్రె సోదరులు మాత్రం కదలలేదు. తమ లంగర్లు ఇనుపవనీ, చేపల పడవలకు వచ్చే ఆపద తమ పెద్ద ఓడలకు రాదనీ వారి ధీమా.

ఆ హెచ్చరిక నోటికి వచ్చినట్లు చెప్పినది కాదు. అరేబియా సముద్రంలో తుఫానులు పుట్టే కాలాలు రెండు. నైఋతి ఋతుపవనం రాకముందు మే, జూన్ మాసాలు ఒకటి, అది వెళ్ళిన తరువాత అక్టోబరు, నవంబరు మాసాలు ఇంకొకటి. 2018 మే నెలలో "మెకును" అనే తుఫాను ఇదే ధోఫార్ తీరాన్ని తాకి సలాలా పట్టణాన్ని ముంచెత్తింది. అఖాతానికి ఉత్తరం వైపు అడ్డు లేదు. నైఋతి గాలికి చాటయిన చోటే ఉత్తరపు గాలికి ఉచ్చు అవుతుంది. ఇది పుస్తకం చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. తాతల నాటి నుండి ఆ ఒడ్డున వలలు ఆరబెట్టుకొన్నవారికి చేతి గీతల వలె తెలిసిన సంగతి.

గాలి చెప్పినట్లే వచ్చింది. లంగరు తాళ్ళు తెగిపోయాయి. బ్రాస్ సోద్రె ఉన్న "సావ్ పెద్రో" ఓడ ఒడ్డుకు కొట్టుకొనివచ్చి రాళ్ళ మీద కూలింది. దానిలోనివారు చాలామంది, విరిగి పడిన స్తంభాన్ని ఆసరా చేసుకొని నేలకు చేరారు. విసెంతె సోద్రె ఉన్న "ఎస్మెరాల్దా" లోతు నీటిలో బద్దలయింది. దానిలోనివారు ఒక్కరూ బ్రతకలేదు.

ఒడ్డుకు చేరినవారు

ఇక ఆ దీవిలో మిగిలినవారి స్థితి ఊహించండి. నిన్నటిదాకా సముద్రం మీద పోయేవారిని ఆపి దోచుకొన్నవారు, నేడు తడి బట్టలతో, చచ్చినవారి కళేబరాలతో, ఎడారి వంటి దీవిలో నిలబడ్డారు. దొరికిన శవాలను పూడ్చారు. ఓడలో నుండి చేతికి అందినవన్నీ ఒడ్డుకు తెచ్చుకొన్నారు. అవతలి వైపు చాటున ఉన్న మూడు చిన్న ఓడలు క్షేమంగా ఉండడమే వారి అదృష్టం. అంటే దీవివారి మాట విన్న ఆ చిన్న ఓడలవారే, వినని పెద్ద ఓడల వారిలో మిగిలినవారిని కూడ బ్రతికించారు.

ఇక్కడే ఒక చేదు సంగతి చెప్పవలసి ఉన్నది. సోదరునితోపాటు అంత నష్టం చూసిన బ్రాస్ సోద్రె కోపం పట్టలేక, తమ దళంలో దారి చూపుతూ వచ్చిన ఇద్దరు ముస్లిం నావికులను చంపించాడు. తప్పు గాలిదీ కాదు, ఆ నావికులదీ కాదు. మాట వినని నాయకులది. కాని నాయకుని తప్పుకు శిక్ష పడింది చేతికింద ఉన్నవాడికి. తోటలలో బ్రతికిన మన తాతలకు ఇది కొత్త విషయం కాదు. పంట తగ్గినా, బండి విరిగినా, సర్దారు లెక్క తప్పినా, కోత పడేది కూలివాని జీతంలోనే గదా.

బ్రాస్ సోద్రె కూడ ఎక్కువ కాలం బ్రతకలేదు. అతను ఎలా చనిపోయాడో చరిత్రలో స్పష్టంగా లేదు. ఆ దీవిలోనే పూడ్చబడ్డాడు. మిగిలినవారు పేరో ద అతాయిద అనే కప్తానును నాయకునిగా పెట్టుకొని, మూడు ఓడలను బాగుచేసుకొని భారతదేశానికి తిరిగి వెళ్ళారు. అతాయిద ఈ సంగతులన్నీ 1504లో మొజాంబిక్ నుండి పోర్చుగల్ రాజుకు ఉత్తరంగా వ్రాశాడు. హెచ్చరిక జరిగినదీ, వినకపోయినదీ మనకు తెలిసింది ఇటువంటి వ్రాతల వల్లనే.

సముద్రం అడుగున దొరికినవి

గామా మొదటి ప్రయాణానికి 500 ఏళ్ళు నిండిన 1998లో, డేవిడ్ మెర్న్స్ అనే సముద్ర పరిశోధకుని బృందం ఆ పాత వ్రాతలను చేతపట్టుకొని హల్లానియా చేరింది. దీవిలో ఉత్తరపు గాలికి ఎదురుగా ఉండి, నైఋతి గాలికి చాటుగా ఉన్న అఖాతం ఏదో పటంలో చూసి వెతికారు. నీటి అడుగున రాతి ఫిరంగి గుండ్లు కనబడ్డాయి. ఆ తరువాత ఒమాన్ ప్రభుత్వపు సాంస్కృతిక శాఖతో కలిసి 2013 నుండి 2015 వరకు తవ్వకాలు జరిపారు. 2800కు పైగా వస్తువులు దొరికాయి. ఈ సంగతులు 2016లో లోకానికి వెల్లడి అయ్యాయి.

వాటిలో ముఖ్యమైనవి కొన్ని చెప్పుకొందాం. ఒక కంచు గంట దొరికింది. దాని మీది అంకెలను బట్టి అది 1498 నాటిది. ఓడ గంటలలో ఇంత పాతది మరొకటి లేదని తేల్చారు. బంగారు క్రుజాదో నాణేలు దొరికాయి. మన దేశంతో వర్తకం కోసమే 1499లో పోర్చుగల్ రాజు ముద్రించిన "ఇందియో" అనే వెండి నాణెం ఒకటి దొరికింది. అది ప్రపంచంలో బహు అరుదు. పోర్చుగల్ రాజముద్ర ఉన్న ఒక గుండ్రని లోహపు బిళ్ళ ఏమిటో మొదట తెలియలేదు. 2017లో ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయంవారు లేజరు కిరణాలతో పరీక్షించి, దాని అంచున అయిదేసి డిగ్రీల దూరంలో గీతలు ఉన్నట్లు చూశారు. అది ఆస్ట్రొలేబ్. సూర్యుని ఎత్తును కొలిచి ఓడ ఎక్కడ ఉన్నదో లెక్క కట్టే సాధనం.

సూర్యుని ఎత్తు కొలిచే సాధనం చేతిలో ఉన్నది. రేపు గాలి ఎటు నుండి వస్తుందో చెప్పగలవారు ఒడ్డు మీద ఉన్నారు. మొదటిదాన్ని నమ్మి రెండవవారిని నమ్మకపోవడమే ఎస్మెరాల్దా మునగడానికి కారణం. ఆ గంటా నాణేలూ ఎవరివో తేల్చడానికి పండితులు ఎంతో శ్రమపడ్డారు. హెచ్చరిక చేసిన ఆ జాలరి పేరు మాత్రం ఎక్కడా లేదు. చంపబడిన నావికుల పేర్లూ ఈ కథ చెప్పేవారి నోట రావు.

ఆ తీరాన మరికొన్ని జాడలు

అదే ధోఫార్ తీరంలో మిర్బాత్ సమీపాన 1792 జూలై 10న "కామర్స్" అనే అమెరికా ఓడ మెట్టకెక్కింది. అది బోస్టన్ నగరపు ఓడ. ఆ సారి బయలుదేరినది మన చెన్నపట్నం నుండి, బొంబాయి వైపుగా. ఒడ్డుకు చేరినవారు ఎండలో, దాహంతో, వందల మైళ్ళు నడిచి మస్కట్ చేరడానికి ప్రయత్నించారు. కొందరు దారిలోనే రాలిపోయారు. బ్రతికి ఇల్లు చేరిన డేనియల్ సాండర్స్ అనే నావికుడు ఆ బాధలన్నీ పుస్తకంగా వ్రాస్తే, అది 1794లో అమెరికాలో అచ్చయింది.

హల్లానియా దీవివారికి కూడ కష్టాలు తప్పలేదు. 1818 ప్రాంతంలో సముద్రపు దొంగల దాడులకు తాళలేక దీవిని ఖాళీ చేశారు. తరువాత కొద్దిమందే తిరిగి చేరారు. 1854 జూలైలో మస్కట్ సుల్తాను సయ్యిద్ సయీద్ ఆ దీవులను విక్టోరియా రాణికి దానంగా ఇచ్చాడు. ఆంగ్లేయులకు కావలసింది అక్కడి పక్షి రెట్ట. దాన్ని గువానో అంటారు. మంచి ఎరువు. కొద్ది సంవత్సరాలలోనే, 1860 నాటికి, దాన్ని గోకి ఓడలకెత్తి ఖాళీ చేశారు. ఆ కాలంలోనే మారిషస్ చెరకు తోటలకు కూడ వేరే దేశాల నుండి గువానో దిగుమతి అయ్యేది. దాన్ని బుట్టలతో మోసి చెరకు మొదళ్ళలో వేసినవారిలో మనవాళ్ళూ ఉన్నారు. 1967 నవంబరు 30న ఆ దీవులు తిరిగి ఒమాన్‌కు చేరాయి.

మన పొరుగున ట్రోమెలిన్

హల్లానియా కథలో మూడు ఓడలు మిగిలాయి కనుక చిక్కుకొన్నవారు త్వరగానే బయటపడ్డారు. ఏ ఓడా మిగలకపోతే, వచ్చి తీసుకుపోతామన్నవారు రాకపోతే మనుషులు ఎలా బ్రతుకుతారు? దానికి జవాబు మన మారిషస్‌కు ఉత్తరాన ఉన్న ట్రోమెలిన్ అనే ఇసుక దీవిలో ఉన్నది. అది సుమారు ఒక చదరపు కిలోమీటరు. నీటికి పైన ఏడు మీటర్లకు మించి ఎత్తు లేదు.

1761 జూలై 31 రాత్రి "ఉటీల్" అనే ఫ్రెంచి ఓడ అక్కడ పగిలింది. మడగాస్కర్ నుండి సుమారు 160 మంది బానిసలను, గవర్నరు ఆజ్ఞకు విరుద్ధంగా, దొంగచాటుగా మారిషస్‌కు తెస్తున్నారు. ఓడ అడుగు గదిలో మూసి ఉంచడంవల్ల వారిలో ఎందరో అక్కడే మునిగిపోయారు. ఒడ్డుకు చేరిన ఫ్రెంచివారూ బానిసలూ కలిసి బావి తవ్వారు, పగిలిన ఓడ చెక్కలతో ఒక పడవ కట్టారు. సెప్టెంబరు 27న 122 మంది ఫ్రెంచివారు దానిలో ఎక్కి వెళ్ళిపోయారు. మడగాస్కర్‌వారికి మూడు నెలల తిండి, మళ్ళీ వస్తామనే మాట మిగిలాయి. వారు 60 నుండి 80 మంది దాకా ఉంటారు.

పడవ నడిపించిన కాస్టెలాన్ అనే అధికారి మాట నిలుపుకోవాలని ఓడ ఇమ్మని ఎన్నోసార్లు అడిగాడు. గవర్నరు ఒప్పుకోలేదు. యుద్ధకాలమనీ, తిండికి కరువనీ కారణాలు చెప్పారు. అలా 15 ఏళ్ళు గడిచాయి. 1776 నవంబరు 29న "దోఫీన్" అనే ఓడ అక్కడికి చేరినప్పుడు బ్రతికి ఉన్నది ఏడుగురు స్త్రీలు, ఎనిమిది నెలల మగబిడ్డ.

వారు ఎలా బ్రతికారో 2006 నుండి 2013 వరకు మాక్స్ గెరూ ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాలలో తెలిసింది. పగడపు రాళ్ళు, ఇసుక రాళ్ళు పేర్చి దళసరి గోడలతో ఇళ్ళు కట్టుకొన్నారు. వారి దేశాచారం ప్రకారం రాయి సమాధులకే గాని బ్రతికినవారి ఇళ్ళకు వాడరు. తుఫానులకు మరేదీ నిలవక ఆ ఆచారాన్ని దాటారు. సముద్రపు పక్షులను, తాబేళ్ళను తిన్నారు. పక్షి ఈకలతో బట్టలు అల్లుకొన్నారు. పొయ్యిలో నిప్పు ఆరనివ్వలేదు. రాగి గిన్నెలకు చిల్లులు పడితే రాగి ముక్క వేసి మేకులు కొట్టి బాగుచేసుకొన్నారు. ఒకే గిన్నెకు మళ్ళీ మళ్ళీ మాట్లు వేసినట్లు కనబడుతున్నది. మన అమ్మమ్మలు సత్తు గిన్నెకు మాటు వేయించుకొన్న రోజులు గుర్తున్నవారికి ఈ మాట వేరే వివరించనక్కరలేదు.

ఆ ఏడుగురినీ పోర్ట్ లూయీకి తెచ్చి, స్వతంత్రులుగా ప్రకటించారు. బిడ్డకు జాక్ మోయీజ్ అని పేరు పెట్టారు. నీటి నుండి బయటపడిన మోషే పేరు అది. తల్లి పేరు సెమియావు. వదిలిపోయినవారిలో మనకు పేరు తెలిసినవారు చాలా కొద్దిమందే.

మన కర్తవ్యం

ఈ కథలు చదివినప్పుడు ఒక సంగతి మనస్సుకు తగులుతుంది. కప్తాను పేరు, ఓడ పేరు, నాణెం తయారైన సంవత్సరం నిలిచిపోతాయి. హెచ్చరిక చేసిన జాలరి, గిన్నెకు మాటు వేసిన స్త్రీ, దారి చూపి ప్రాణం పోగొట్టుకొన్న నావికుడు పేరు లేకుండా పోతారు. వారికి వ్రాసిపెట్టేవారు లేకపోవడమే దానికి కారణం.

మన తాతల సంగతి ఆ విషయంలో కొంత మేలు. 1834 నుండి ఇరవయ్యవ శతాబ్దం మొదటి దశాబ్దాల వరకు ఈ దీవికి వచ్చిన సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయ కూలీలకు ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇచ్చి, పేరు, ఊరు, ఓడ రిజిస్టర్లలో వ్రాసుకొన్నారు. ఆ రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. వ్రాసిన గుమాస్తాకు తెలుగు రాదు కనుక అప్పన్న ఒక రకంగా, సింహాచలం మరొక రకంగా మారిపోయి ఉండవచ్చు. అయినా ఆ అక్షరాల వెనుక మన మనిషి ఉన్నాడు. వారు దిగి మెట్లెక్కిన ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలమయింది.

రిజిస్టరులో నంబరు ఉంటుంది గాని, ఓడలో ఏమి తిన్నారో, ఎవరు జ్వరంతో పోయారో, ఒడ్డున మొదటి రాత్రి ఎవరు నీళ్ళిచ్చారో ఉండదు. అవి మన ఇళ్ళలో ముసలివారి నోట మాత్రమే ఉన్నాయి. అమ్మోరు పండుగకో, రామభజనకో నలుగురూ కూడినప్పుడు పిల్లల చేతికి ఒక నోటు పుస్తకం ఇచ్చి, తాతమ్మ చెప్పిన మాటలు చెప్పినట్లే వ్రాయించండి. తెలుగు లిపి రానివారు వచ్చిన లిపిలో వ్రాయండి. ఓడ పేరు, నంబరు తెలిస్తే పై అంచున వ్రాయండి.

నేడు మన తెలుగు జిల్లాల నుండి ఎందరో పనికోసం మస్కట్, సలాలా పట్టణాలకు వెళ్ళి, హల్లానియాకు ఎదురుగా ఉన్న ఆ తీరంలోనే కష్టపడుతున్నారు. వారి కథలు కూడ రేపు ఎవరో ఒకరు వెతుకుతారు. వారిలో మీ బంధువులుంటే, వారికీ ఈ మాట చెప్పండి.